ఒక్క ఆల్‌రౌండర్ కావాలి

పాత పోస్టాఫీసు వీధి, విశాఖపట్నం
12 ఏప్రిల్ 1981

బావా జ్ఞానశేఖర్,

పేపర్లో నీ పేరు చూశాను. ఇండియా జట్టుని ఏరే కమిటీలో మన వైజాగ్ వాడొకడు! ఆ పేజీ చింపి కొట్లో గోడకి అంటించాను. బ్యాటు బాగు చేయించుకోడానికి వచ్చిన ప్రతివాడికీ చూపించి, "ఈయన ఓపెనింగు, నాను కీపరు, పన్నెండేళ్ళు ఒకే జట్టులో ఆడినాం" అని చెప్పాను. ఒక వెధవ, "మరి ఆయనక్కడా నువ్విక్కడా ఏటి అయూబ్ భాయ్? ఇంకా బంతులు కుట్టుకుంటన్నావ్" అన్నాడు. వాడి బ్యాటుకి పిడి ఎప్పటికి బిగిస్తానో చూడు.

సరే, అసలు సంగతి. పోలిరాజు అని ఒక కుర్రాడున్నాడు. ఇరవై రెండేళ్ళు. కూర్మన్నపాలెం అవతల వాళ్ళ ఊరు స్టీల్ ప్లాంటు కింద పోయింది. తండ్రి ఇప్పుడు ఆ ప్లాంటులోనే కాంట్రాక్టరు దగ్గర మట్టి పని చేస్తున్నాడు. ఆరేళ్ళ కిందట విరిగిన బ్యాటు పట్టుకుని నా కొట్టుకొచ్చాడు. అప్పట్నుంచీ సాయంత్రాలు పోర్టు గ్రౌండులో నా దగ్గరే నేర్చుకుంటున్నాడు. ఈ ఏడు మన రాష్ట్రం జట్టుకి మూడు సెంచరీలు కొట్టాడు. నేను ఊరికే పొగడను, నిన్నే ఏనాడూ పొగడలేదు. కానీ వీడు బ్యాటు పట్టుకుని నిలబడితే, ఈ వయసులో కూడా గ్లవ్స్ తొడుక్కుని వెనకాల కీపింగ్ చేయాలనిపిస్తుంది. దగ్గర్నుంచి చూడొచ్చని.

సరదాకి బౌలింగ్ కూడా వేస్తాడు గానీ, వాడు పుట్టింది బ్యాటింగ్‌కే. ఒక్కసారి వచ్చి చూడు బావా. నచ్చకపోతే నా మొహం మీదే చెప్పు.

నీ కీపరు,
అయూబ్


మైలాపూర్, మద్రాసు
2 మే 1981

బావా అయూబ్,

నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాను. ఇంట్లో వాళ్ళు ఏమైందని అడిగారు. ఇక్కడ నన్ను అందరూ సార్ అంటారు. బావా అని పిలిచేవాడు లేక చాలా రోజులైంది.

పోలిరాజు పేరు నేను విన్నాను. స్కోర్లు కూడా చూశాను. కానీ నీ దగ్గర దాచడమెందుకు, బ్యాట్స్‌మన్‌గా ఆ పేరు ఎత్తితే కమిటీలో నవ్వుతారు. బొంబాయి, ఢిల్లీ నుంచి ఒక్కో స్థానానికి నలుగురేసి క్యూలో ఉన్నారు. పెద్ద పెద్ద పేర్లు. మన వైపు నుంచి ఒక బ్యాట్స్‌మన్ వెళ్ళాలంటే వాళ్ళలో ఇద్దరు రిటైరవ్వాలి.

ఖాళీ ఉన్నది ఒక్కటే. మీడియం పేస్ వేసి, ఆరో నంబర్లో బ్యాటింగ్ చేసే ఆల్‌రౌండర్ ఒక్కడు కావాలి. చైర్మన్ ప్రతి మీటింగ్‌లోనూ అదే పాట. దేశమంతా వెతుకుతున్నారు, దొరకడం లేదు. అందుకే నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. సరదాకి బౌలింగ్ వేస్తాడన్నావు. ఎంత సరదా?

నీ
జ్ఞానశేఖర్


పాత పోస్టాఫీసు వీధి, విశాఖపట్నం
20 జూన్ 1981

బావా,

సరదా వదిలించేశాను. మనిషి ఆరడుగులు, భుజాలు కూడా ఉన్నాయి. రోజూ తెల్లవారగానే కూర్మన్నపాలెం నుంచి మొదటి బస్సులో వస్తున్నాడు. ఎండెక్కేదాకా బౌలింగే. బంతి వేగంగా వెళ్తోంది, మ్యాట్ మీద పడి గుండెల మీదకి లేస్తోంది. నిన్న మన పాత క్లబ్బు గవర్రాజుకి దవడ మీద తగిలింది. వాడు తిట్టిన తిట్లు ఉత్తరంలో రాయలేను.

వాడికి మాత్రం ఇది నచ్చడం లేదు. మొన్న నీళ్ళు తాగుతూ, "మాస్టారూ, నాను బేటింగ్ సేత్తాను, సాలదా?" అన్నాడు. "సాల్దు" అన్నాను. బంతి తీసుకుని వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పడు బావా. అదొక్కటే వాడిలో లోపం.

వాళ్ళమ్మ అసిరమ్మ కొట్టుకొచ్చింది. "ఏటి బాబూ, గుంటడు రెండు పన్లూ సేత్తే ఇద్దరి కూలీ ఇత్తారేటి?" అని అడిగింది. ఇస్తారో లేదో గానీ ఇండియా జట్టులో పేరుంటుంది అన్నాను. "మా ఊరి పేరు పేపర్లో ఏత్తారా? ఊరైతే లేదు గదా" అంది. టీ తెప్పించాను.

ఇంట్లో హమీదా మాత్రం నన్ను తిడుతోంది. "ఉడికిన అన్నాన్ని మళ్ళీ పొయ్యెక్కిస్తావేం?" అంటోంది. ఆడవాళ్ళకి క్రికెట్ ఏం తెలుసులే అన్నాను. రెండు రోజుల నుంచి నాతో మాట్లాడడం లేదు.

నువ్వు ఎప్పుడొస్తున్నావు?

అయూబ్


మైలాపూర్, మద్రాసు
9 ఆగస్టు 1981

బావా అయూబ్,

వైజాగ్ నుంచి వచ్చి వారమైంది. సీతమ్మధారలో మా అక్క ఇంట్లో ఉన్న రెండు రోజులూ ఆ కుర్రాడి గురించే మాట్లాడి ఆమెను విసిగించానట. బ్యాటింగ్ నువ్వు చెప్పిన దానికన్నా బాగుంది. పోర్టు గ్రౌండు మ్యాచ్‌లో వాడు తీసిన ఆ ఐదు వికెట్లూ చూశాక, రాసుకోవలసింది రాసుకున్నాను.

మ్యాట్ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. గట్టి నేల మీద కొబ్బరి పీచు చాప పరిచి మేకులు కొడితే, దాని మీద ఎవరి బంతైనా లేస్తుంది. నువ్వూ నేనూ దాని మీదే పుట్టాం. మద్రాసులో పచ్చిక పిచ్. అక్కడ అంత లేవదు. అయినా వాడు నేర్చుకుంటాడు. మిగతా కమిటీకి ఈ తేడా చెప్పవలసిన అవసరం ఇప్పుడే లేదనుకుంటున్నాను.

సెప్టెంబర్‌లో ఇక్కడ కేంపు, ఆఖర్న మూడు రోజుల మ్యాచ్. చైర్మన్ స్వయంగా వస్తున్నారు. వాడి కాన్వాస్ బూట్లు పచ్చిక మీద పనికిరావు, జారిపోతాడు. పార్సిల్లో మంచి స్పైక్ బూట్లు పంపిస్తున్నాను, అడుగున ఇనుప ముళ్ళున్నవి. నా బహుమతి అని చెప్పు. మీ గ్రౌండులో పక్కన గడ్డి ఉన్న చోట అలవాటు చేయించు. మ్యాట్ మీదకి మాత్రం వాటితో రానివ్వకు, చిరిగిపోతుంది. ఒకసారి ఎవడో అలా వస్తే స్టంపు పట్టుకుని వెంటపడ్డావు, గుర్తుందా?

నీ
జ్ఞానశేఖర్


విశాఖపట్నం
6 సెప్టెంబర్ 1981

బావా,

బూట్లు సరిపోయాయి. వాడు వాటిని ఇంట్లో దేవుడి పటం పక్కన పెట్టాడట. వాణ్ణి మద్రాసు మెయిల్లో ఎక్కించి ఇప్పుడే వచ్చాను. స్టేషన్‌కి నలభై మంది వచ్చారు. వాళ్ళ నాన్న ప్లాంటు పని మానుకుని వచ్చి, రైలు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

ప్రాక్టీసు బాగానే అయింది. అంతా బాగానే ఉంది. ఇక నీ చేతిలో పెట్టాను.

అయూబ్


మద్రాసు
23 సెప్టెంబర్ 1981

బావా,

తొందరలో రాస్తున్నాను. మొదటి రోజు మూడు వికెట్లు తీశాడు, అరవై నాలుగు పరుగులు కొట్టాడు! కవర్స్‌లోంచి కొట్టిన ఒక ఫోర్‌కి చైర్మన్ కుర్చీలోంచి లేచారు. "ఇన్నాళ్ళూ ఈ కుర్రాణ్ణి ఎక్కడ దాచావు?" అన్నారు నాతో.

మోకాలు కొంచెం నొప్పిగా ఉందన్నాడు. కొత్త పిచ్ కదా, మామూలే. డాక్టర్ చూశాడు. రేపు పొద్దున్న కొత్త బంతితో మళ్ళీ వాడి చేతే వేయిస్తున్నాం. వచ్చే వారం పేపరు చూస్తూ ఉండు.

నీ
జ్ఞానశేఖర్


పాత పోస్టాఫీసు వీధి, విశాఖపట్నం
11 అక్టోబర్ 1981

జ్ఞానశేఖర్ గారికి,

మీరు చూడమన్నారు కాబట్టి వారం రోజులూ పేపరు చూశాను. అందులో ఏమీ లేదు. పోలిరాజే వచ్చాడు. రైలు నుంచి ఇద్దరు కూలీలు దించారు. మీ తరఫున ఎవరూ తోడు రాలేదు. పదహారు గంటలు జనరల్ పెట్టెలో కాలు చాపడానికి చోటు లేకుండా కూర్చుని వచ్చాడు.

ఇక్కడ పెద్దాసుపత్రిలో చూపించాను. మోకాల్లో నరం లాంటిదేదో తెగిపోయిందట, ఆపరేషన్ చేసినా పరుగెత్తడం కష్టమన్నారు. వాడు మంచం మీద పడుకుని గోడకేసి చూస్తున్నాడు. "ఏం జరిగిందిరా?" అంటే, "బంతి ఏత్తంటే కాలు నేలలో దిగబడిపోయింది మాస్టారూ, నాను తిరిగినాను గానీ కాలు తిరగనేదు. టప్పున ఇనబడింది" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. మ్యాట్ మీద పెరిగినవాడి కాలు దిగేటప్పుడు కొంచెం జారుతుంది. ఆ జారుడు మీదే ఒళ్ళు తిరుగుతుంది. ఆరేళ్ళూ వాడి మోకాలికి ఆ అలవాటే. ముళ్ళ బూటు వేస్తే పాదం మేకు కొట్టినట్టు ఆగిపోతుంది, ఒంటి బరువంతా మోకాలి మీదకొస్తుంది. ఈ సంగతి చైర్మన్‌కి తెలియక్కర్లేదు, బొంబాయి వాళ్ళకి తెలియక్కర్లేదు. చాప మీద పన్నెండేళ్ళు ఆడిన మీకు తెలియదా?

ఇంకొకటి. డాక్టర్ చూశాడని రాశారు. సూది మందు ఇచ్చాడని రాయలేదేం? నొప్పి తెలియకుండా మందు పొడిచి, మర్నాడు మళ్ళీ బంతి చేతికిచ్చారు. మీ ఇంట్లో పిల్లాడైతే అలాగే చేసేవారా?

అసిరమ్మ నన్నేమీ అనలేదు. తిడితే బాగుండును.

అయూబ్


మైలాపూర్, మద్రాసు
25 అక్టోబర్ 1981

అయూబ్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నన్ను మీరు అన్నావు. ముప్పై ఏళ్ళలో ఎన్ని తగాదాలు పడ్డాం, ఎప్పుడూ ఆ మాట వాడలేదు.

సూది మందు ఇప్పించిన మాట నిజమే. చైర్మన్ మర్నాడు మధ్యాహ్నం విమానానికి వెళ్ళిపోతున్నారు. ఆయన కళ్ళ ముందు ఒక్క స్పెల్ వేస్తే చాలు, పని అయిపోయేది. నేను వాణ్ణే అడిగాను. "నానేత్తాను సార్, మీరు సూసుకోండి" అన్నాడు. మర్నాడు నడుస్తున్నప్పుడు కాలు ఈడుస్తున్నాడు, అది నాకు కనిపించింది. కనిపించలేదని నీకు అబద్ధం రాయను.

కానీ నువ్వు నాకు రాసిందేమిటి? "అంతా బాగానే ఉంది." నొప్పి ఎప్పట్నుంచి అని డాక్టర్ అడిగితే వాడేం చెప్పాడో తెలుసా? "ఈ బూట్లేసినకాడినుంచి. వైజాగ్‌లోనే. మాస్టారికి సెప్పాను, ఆయన నూనె రాసి కట్టు కట్టీసినారు. ఎవుల్తోనూ సెప్పకు, పంపరు అన్నారు." డాక్టర్ తమిళుడు, వాడి మాటలు నేనే ఇంగ్లీషులో చెప్పాను. ఆ మాట ఒక్కటి చెప్పకుండా మింగేశాను. నిన్ను కాపాడడానికో, నన్ను కాపాడుకోడానికో నాకే తెలియదు.

వాణ్ణి బౌలర్‌ని చేసింది నేనొక్కణ్ణే కాదు. ఖాళీ ఉందన్నాను, నువ్వు ఖాళీకి సరిపడా వాణ్ణి నరికావు.

జ్ఞానశేఖర్


మైలాపూర్, మద్రాసు
30 జనవరి 1982

బావా,

మూడు నెలలుగా నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. నీకు తెలియకుండా ఉంటేనే మంచిదనుకున్నాను గానీ, ఈ బరువు ఒక్కణ్ణే మోయలేకపోతున్నాను. నన్ను తిట్టడానికైనా చదువు.

నిన్న టూరు జట్టు కోసం మీటింగ్. పదిహేను మందిలో పద్నాలుగు పేర్లు అయిపోయాయి. సీనియర్ బ్యాట్స్‌మన్ ఒకడికి వేలు విరిగింది. ఇంకొకడు సొంత పనులున్నాయి రానన్నాడు. నేను నీకు మొదట రాసింది గుర్తుందా, ఇద్దరు తప్పుకుంటే గానీ మన వైపు నుంచి బ్యాట్స్‌మన్ వెళ్ళడని? ఇద్దరూ తప్పుకున్నారు.

అప్పుడు చైర్మన్ నాకేసి తిరిగి, "ఆ వైజాగ్ కుర్రాడు ఏమయ్యాడు? మద్రాసులో అరవై నాలుగు కొట్టినవాడు. బౌలింగ్ సంగతి వదిలెయ్. ఆ బ్యాటింగ్ ఒక్కటీ చాలు, రాసేద్దాం" అన్నారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అందరూ నా మాట కోసం చూస్తున్నారు.

"ఇప్పుడు పరుగెత్తలేడు సార్" అన్నాను.

"అయ్యో" అన్నారు. వేరే పేరు రాసేశారు. తర్వాత టీ వచ్చింది. అందరూ బిస్కెట్లు తింటూ హోటల్ గదుల గురించి మాట్లాడుకున్నారు. నేను బాత్‌రూమ్‌కని వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను బావా. నాలుగు నెలలు ఆగి ఉంటే చాలు. వాణ్ణి వాడిలాగే ఉండనిచ్చి ఉంటే చాలు.

కమిటీలోంచి తప్పుకుంటున్నట్టు ఈ రోజు ఉత్తరం ఇచ్చాను. అదేదో గొప్ప పని అని నీకు చెప్పడం లేదు. ఆ గదిలో మళ్ళీ కూర్చోలేను, అంతే.

వాడు ఎలా ఉన్నాడు? నడుస్తున్నాడా?

జ్ఞానశేఖర్


పాత పోస్టాఫీసు వీధి, విశాఖపట్నం
14 మార్చి 1982

బావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జేబులో పెట్టుకుని తిరిగాను. హమీదాకి చదివి వినిపిస్తే, "ఇద్దరూ కలిసి పిల్లాణ్ణి తినేశారు" అని ఒకే ఒక్క మాట అని, వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ కాసేపటికి వచ్చి, "నీ దోస్తుకి జవాబు రాయి, మనిషి ఏమైపోతాడో" అంది. అందుకని రాస్తున్నాను.

వాడు నడుస్తున్నాడు. కాలు బిగుసుకుని ఉంటుంది. ప్లాంటు ఆఫీసులో ఫైళ్ళు అందించే పనిలో పెట్టించాం, కూర్చుని చేసేది. ఇన్నాళ్ళూ గ్రౌండు వైపు రాలేదు. పోయిన ఆదివారం మన పాత క్లబ్బు వాళ్ళు సరదా మ్యాచ్ పెట్టుకుంటే, తనే వచ్చి, "మాస్టారూ, నాను ఆడొచ్చా?" అన్నాడు. అవతలి కెప్టెన్ మంచివాడు. రన్నర్‌ని పెట్టుకోమన్నాడు. వీడు బ్యాటింగ్ చేస్తే వీడి బదులు మన క్లబ్బు కుర్రాడు సత్యం పరుగెత్తేటట్టు.

నేను లెగ్ అంపైర్‌ని. సత్యం నా పక్కనే నిలబడ్డాడు. ఎలా ఆడాడంటావు? ఐదు నెలలు బ్యాటు ముట్టుకోనివాడు, ఒక్క కాలి మీద నిలబడి, నలభై ఏడు కొట్టాడు. ఒక్క బంతి కూడా గాల్లో లేవలేదు. ఫ్యాక్టరీ పనివాళ్ళు సైకిళ్ళు ఆపి చూశారు. నాకు మధ్య మధ్య కళ్ళు కనబడలేదు, అంపైరింగ్ ఎలా చేశానో నాకే తెలియదు.

అప్పుడు కవర్స్ వైపు మెల్లగా తోశాడు. ఒక్క పరుగు ఖాయం. సత్యం పరుగందుకున్నాడు. పోలిరాజు కూడా పరుగెత్తాడు బావా! కాలి సంగతి మర్చిపోయాడు. "రా రా!" అని తనే కేక వేసి నాలుగడుగులు వేసి, మోకాలు ముడుచుకుపోయి బోర్లా పడ్డాడు. బంతి వచ్చి కీపర్ చేతిలో పడింది. కీపర్ అలవాటుగా స్టంప్స్ పడగొట్టేశాడు. అంతలోనే చేసిన పని తెలిసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బౌలర్ మాత్రం వెనకాల్నుంచి అప్పీల్ చేశాడు.

రూలు నీకు తెలుసు. రన్నర్ ఉన్నవాడు గీత దాటి ఉండగా కీపర్ వైపు స్టంప్స్ పడితే, రన్నర్ ఎక్కడున్నా ఔటే. బయటినుంచి ఎవరో, "వొగ్గీండి మాస్టారూ, పాపం" అన్నారు. గ్రౌండంతా నాకేసే చూస్తోంది. నేను వేలెత్తాను. వదిలేస్తే వాడు కుంటివాడని నేను నలుగురి ముందూ చాటినట్టు. క్రికెట్ ఆడేవాడు ఔటైతే ఔటే.

వాడు లేచి, బ్యాటు చంకలో పెట్టుకుని, ఎప్పటిలాగే తల వంచుకుని వెళ్ళాడు. నా మీద కోపం లేదు.

ఆట అయ్యాక ప్యాడ్లు విప్పుతూ కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. రెండో ప్యాడ్ విప్పుతూ అడిగాడు. "మాస్టారూ, ఒక మాట. నాను బౌలింగ్ మొదలెట్టకండా, ఒట్టి బేటింగే ఆడుంటే, నన్ను తీసుకుందురా?"

నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. తీసి వాడి చేతిలో పెడితే అయిపోయేది. వాడు నా మొహంలోకి చూస్తున్నాడు. నా మాట ఏదైనా నమ్ముతాడు, ఆ సంగతి నీకూ తెలుసు.

"లేదురా. నీ బేటింగ్ ఆ స్థాయికి సాల్దు. శేఖర్ బావ ముందే సెప్పీసినాడు" అన్నాను.

వాడు తలూపాడు. "అలగైతే పర్నేదు మాస్టారూ" అన్నాడు. ఏదో బరువు దింపుకున్నట్టు ఊపిరి వదిలాడు. ఆ తర్వాత హమీదా పంపిన అన్నం తిన్నాడు, ఇన్ని నెలల తర్వాత కడుపు నిండా తిన్నాడు.

వాడంత బ్యాటింగ్ చేసేవాణ్ణి నేను నా జన్మలో చూడలేదు. నువ్వూ చూడలేదు. నీ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టేశాను, దీన్ని నువ్వూ అలాగే చెయ్యి. వేసవికి మీ అక్క ఇంటికొస్తావు కదా. వాడు నిన్ను చూడ్డానికి తప్పకుండా వస్తాడు, అదే మాట నిన్నూ అడుగుతాడు. అప్పుడు నువ్వు తడబడకూడదు. వాడి కళ్ళలోకి చూసి, చాలదనే చెప్పాలి.

అయూబ్